నూరు రూపాయల చందా
(గాజులరామారమున పౌరుల సమావేశమునందు చేసిన ప్రసంగపాఠము)



సైన్యమున ఇరువదియేండ్లు కొలువు చేసి యిల్లు చేరినవాఁ డొకఁడు రేపు మీ వాకిట నిలిచి, "నేను శాసనసభకు పోటీ చేయుచున్నాను, మీ శక్తికొలది నూరు రూపాయలు చందా యిండు" అని యడిగినచో మీ రేమందురు? కొందరు తలుపు మూసికొందురు. కొందరు, "వోటునకు మనకిచ్చువారిని చూచితిమి గాని మనలనే యడుగువానిని చూడలే"దని నవ్వుదురు. ఆ నవ్వును గూర్చియే నేడు నాలుగు మాటలు చెప్పఁ దలఁచితిమి. మన ప్రజాస్వామ్యమున కబ్బిన రోగ మంతయు ఆ నవ్వులో నిమిడియున్నది.

ముందు లెక్క చూతము. మన గాజులరామారము చేరియున్న కుత్బుల్లాపూరు నియోజకవర్గమున 6 లక్షలకు పైఁబడి వోటర్లు కలరు. లోకసభకు మనము చేరిన మల్కాజిగిరిలో 2024 నాటికి సుమారు 37 లక్షల వోటర్లుండిరి. ఇంతమంది గడప త్రొక్కుటకు ఒక్క మనుష్యుని కాళ్లు చాలవు. కరపత్రములు, బండ్లు, సభలు, కార్యకర్తల భోజనములు, అన్నిటికిని రొక్కము కావలెను. 2022లో సవరించిన నిబంధనలనుబట్టి మన రాష్ట్రమున శాసనసభ అభ్యర్థి 40 లక్షలు, లోకసభ అభ్యర్థి 95 లక్షలు మించి వ్యయము చేయరాదు. ఈ కట్టుబాటు అభ్యర్థికే గాని, అతని వెనుకనున్న పార్టీ సాధారణ ప్రచారమునకు లేదు. శాసనసభకు 10 వేలు ధరావతు కట్టవలెను. చెల్లిన వోట్లలో ఆఱవవంతుకు మించి రానిచో అదియును పోవును. ఇక పింఛనుపై బ్రతుకు సిపాయి యేమి చేయఁగలఁడు?

అతని యెదుట రెండు త్రోవలున్నవి. ఒకటి, ధనవంతుని గుమ్మము. రెండవది, మన గుమ్మము. మొదటి గుమ్మమున ధనము సులభముగా దొరకును. కాని పెట్టుబడి పెట్టినవాఁడు వడ్డీ యడుగకుండునా? ఆ వడ్డీ యే రూపమున చెల్లునో ఈ యూరివారికి మేము చెప్పవలసిన పనిలేదు. చెరువు శిఖములు, ప్రభుత్వ భూములు, అనుమతులు, గుత్తలు, ఇవియే ఆ వడ్డీ. 2025 సెప్టెంబరులో ఈ గాజులరామారముననే వందలాది యెకరముల ప్రభుత్వ భూమిలో ఆక్రమణలు తొలగింపఁబడినవి. ఆనాఁడు గూడు పోయిన బీదల యేడ్పు మీరు విన్నారు. భూమి ప్రభుత్వముదే కావచ్చును. కాని దానిని తుండ్లుగా కోసి అమాయకుల కమ్మినవాఁ డెవ్వఁడు? అన్నియేండ్లు వానికి అండ యెవ్వరిది? ఈ ప్రశ్నలు నిర్భయముగా అడుగఁగల ప్రతినిధి కావలెనన్నచో, అతఁ డెవ్వరికిని ఋణపడనివాఁడై యుండవలెను. పడినచో మనకే ఋణపడవలెను.

ఇది క్రొత్త మాట కాదు. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశము తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు కూర్పవలెనని తీర్మానించెను. జూను 30వ తేదీ గడువు. నిధి నిండినది. లక్షాధికారులు ఇచ్చిరి, వారితో పాటు కాసు కాసు కూడఁబెట్టిన కూలివాఁడును ఇచ్చెను, చేతి గాజులు తీసి స్త్రీలిచ్చిరి. ఇచ్చిన ప్రతివాఁడును ఆ యుద్యమము తనదే యనుకొనెను. నిధి చేసిన అసలు మేలు అదియే.

1952లో మన నల్లగొండ నుండి లోకసభకు నిలిచిన రావి నారాయణరెడ్డి గారు సాయుధ పోరాటమున ఆఱితేరిన యోధులు. హైదరాబాదు రాష్ట్రమున వారి పార్టీపై నిషేధ ముండుటచే ప్రజాస్వామిక సంఘటన పేరిట పోటీ చేసిరి. అయినను దేశమున నెహ్రూగారికంటెను ఎక్కువ వోట్లు వారికి వచ్చినవి. ఊళ్లకు ఊళ్లు తనవాఁడనుకొన్నవానికి డబ్బు సంచుల బలము అక్కఱలేదని ఆ యెన్నిక చాటినది.

మొన్న మొన్నటి 2023లో కొల్లాపురమున కర్నె శిరీష యను నిరుద్యోగ యువతి స్వతంత్రముగా నిలిచినది. 'బర్రెలక్క' యని జనులు పిలుచుకొన్న ఆ యమ్మాయికి తెలియని ఊళ్లనుండి సయితము సహాయ మందినది. ఆమె గెలువలేదు, అయిదువేలకు పైఁబడి వోట్లు మాత్రము వచ్చినవి. చందా యొక్కటే గెలిపింపదని ఇందువలన తెలియుచున్నది. అయినను నిరుపేదకును పోటీ చేయు హక్కు కాగితము మీదిది మాత్రమే కాదని ఆమె చూపినది.

ఇక అడుగువానికిని ధర్మము కలదు. కొలువులో నున్నంతకాలము సిపాయికి రాజకీయములు నిషిద్ధము. విరమించిన పిమ్మట అతఁడును మనవంటి పౌరుఁడే. కావున ఆ యుడుపును ఎరగా చూపి చందా పట్టరాదు. రక్షణదళములవారి చిత్రములను ప్రచారమున వాడరాదని ఎన్నికల సంఘము 2013లో చెప్పి, 2019లో మరల హెచ్చరించినది. సరిహద్దున చేసిన సేవ గౌరవింపఁ దగినదే. కాని అది వోటునకు క్రయపత్రము కాదు. మురుగు కాలువ గూర్చియు, పాఠశాల గూర్చియు అతని కేమి తెలియునో అడుగుఁడు.

రెండవది లెక్క. ఎన్నికకై వేఱు బ్యాంకు ఖాతా తెఱవవలెను. పదివేలు మించిన చందా నగదుగా పుచ్చుకొనరాదు. ఫలితము ప్రకటించిన 30 దినములలో వ్యయపు లెక్క జిల్లా ఎన్నికల అధికారి కప్పగింపవలెను. అమెరికాలో నున్న మన బంధువులు అక్కడి పౌరసత్వము పుచ్చుకొన్నవారైనచో, వారి సొమ్ము అభ్యర్థి ముట్టరాదు. అది విదేశీ ధనము. ఇంత చాలునా? చాలదు. చట్టము అడిగినది అధికారికి చూపుఁడు; మాకు మాత్రము ప్రతివారమును ఇచ్చినవారి లెక్క, వెచ్చించిన లెక్క ఈ బజారులో గోడకు అంటింపుఁడని మేము కోరుదుము. 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లు ఇచ్చువాని పేరు ప్రజలకు దాఁచినవి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీముకోర్టు వానిని కొట్టివేసినది. దాఁచిన దానము దానము కాదు, బేరము.

చివరకు మన ధర్మము. నూరు రూపాయలిచ్చి "మా వాని కుద్యోగ మిప్పింపు" మన్నచో మనమును చిన్న గుత్తదారులమే యగుదుము. ఇచ్చినది మఱచి, అడుగవలసిన ప్రశ్నను మాత్రము మఱవకుండవలెను. నలువదివేలమంది నూరేసి రూపాయలిచ్చినచో చట్టము ఒప్పిన 40 లక్షలును సమకూరును. ఆఱు లక్షల వోటర్లలో అది పదునైదుగురి కొక్కరు. సేతువునకు ఉడుత ఇసుక మోసెనని పిల్లలకు చెప్పుకొను మనకు ఇది మోయరాని బరువా?

వోటుకు పుచ్చుకొన్న నోటు మూడు దినములలో ఖర్చగును. దాని వడ్డీ అయిదేండ్లు కట్టుదుము. చందాగా ఇచ్చిన నోటు తిరిగి రాదు. కాని అయిదేండ్లు తల యెత్తి అడుగు హక్కును మిగుల్చును. రేపు ఆ సిపాయి మీ వాకిటికి వచ్చునాఁడు, నచ్చినచో ఇండు, నచ్చనిచో మానుఁడు. నవ్వి పంపకుఁడు. కూర్చుండఁబెట్టి మంచినీళ్లిచ్చి, లెక్క యెట్లు చూపుదువని మొదట అడుగుఁడు.