యంత్రము మారిన పందెము
(తలిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగము)



మన విజ్ఞాన ప్రదర్శనమున తొమ్మిదవ తరగతి పిల్లలు ఒక పాత వీడియో ఆటను చూపదలచినారు. దానిని నిరాకరింపవలెనని కొందరు పెద్దలు కోరినారు. వారి భయము నిరాధారమని నేననను. తెల్లవార్లు తెరకు అంటుకొనిపోయిన బాలుని చదువేమగునో ఉపాధ్యాయులెరుగుదురు. అయినను పిల్లలెంచుకొన్నదేమో విని, పిమ్మట నిర్ణయింపుడని ప్రార్థించుచున్నాను.

ఆ ఆట పేరు రిడ్జ్ రేసర్. నామ్కో అను జపాను సంస్థ 1993లో దీనిని వినోదశాలల కొరకు నిర్మించినది. (ఈ సంస్థ 1955లో యొకొహామాలో ఒక పెద్ద అంగడి మేడపైన, పిల్లలెక్కి ఊగు రెండు కీలుగుర్రములతో మొదలైనది!) నాణెము వేసి, చక్రము పట్టి కారు తోలుటయే ఆట. ఒక రూపమున నిజమైన మాజ్డా కారునే తెర యెదుట నిలిపి, అందు కూర్చుండబెట్టి ఆడించిరి. ఆ యంత్రము సెకనుకు 60 చిత్రములు గీయగలదు.

1994 డిసెంబరు 3న సోనీవారి ప్లేస్టేషను జపానులో విడుదలైనప్పుడు, దానితోబాటే ఈ ఆటయు ఇండ్లకు వచ్చినది. చిక్కు అక్కడనే. ఇంటి పెట్టెకు వినోదశాల యంత్రమంత బలము లేదు. సెకనుకు 30 చిత్రములతో సరిపుచ్చుకొనవలసి వచ్చెను, స్పష్టతయు తగ్గెను. చక్రమునకు మారుగా చేతిలో బొత్తాములు. అయినను మలుపులో కారు వెనుకభాగము పక్కకు జారుచు పోవు సొగసును మాత్రము వారు వదలలేదు. దేనిని విడువవచ్చునో, దేనిని విడువరాదో ఎరిగినవారి పని యది. పొరుగు భాషల నడుమ తరతరములుగా కాపురముండి ఇంట తెలుగు నిలుపుకొనుచున్న మనకు ఈ చిక్కు క్రొత్తది కాదు.

నాకు మిక్కిలి నచ్చినది మరొకటి. ప్లేస్టేషను మెమొరీ, అనగా యంత్రపు జ్ఞాపకము, ప్రధానముగా 2 మెగాబైట్లు మాత్రమే. ఆట యావత్తు అందులోనికి ఎక్కిన పిమ్మట డిస్కుతో పని పాటల కొరకే. కనుక దానిని తీసి మన యింటి పాటల సీడీ నుంచినచో, ఆ పాటలతోనే పందెము సాగును. ఎక్కునంతవరకు విసుగు కలుగకుండ గెలాక్సియన్ అను 1979 నాటి ఆటను తెరపై నుంచిరి. శత్రువులనందరిని కూల్చినవారికి మరి 8 కార్లు లభించును. అన్నము ఉడుకులోపల పిల్లవాని చేతిలో గుప్పెడు అటుకులు పోయు తల్లి యుక్తియే ఇది.

అంత చిన్న జ్ఞాపకమున అంత ఆట ఎట్లు ఇమిడినదో పిల్లలు చూపదలచినారు. అందులకు కావలసిన లెక్కలను నల్లబల్లపై తెలుగుననే వేసిరి. ప్రోగ్రామునకు ఏ మాట వాడవలెనని గంటసేపు పోట్లాడుకొనిరి. బడి గంట కొట్టగానే వీథిభాషలోనికి దుమికెడు పిల్లలు, ఆనాడు గంట కొట్టిన తరువాత కూడ తెలుగుననే వాదించుచుండిరి. ఆ పోట్లాటను ఆపుటకు నాకు మనసొప్పలేదు.

యంత్రము ఉపాధ్యాయుల యెదుటనే యుండును. ఒక్కొక్కరికి ఒక్క పందెమే. తలిదండ్రులకును వరుసలో చోటు కలదు. పాటల సీడీ యొకటి కావలసియున్నది; ఎవరి యింటనైన ఘంటసాలవారి పాటలున్నచో దయచేసి పంపగలరు.