పరమాణువులను లెక్కించిన విధము

ఇంటి ఇల్లాలు వంటకు బియ్యము తీయునప్పుడు గింజలను లెక్కపెట్టదు. సోలతోనో డబ్బాతోనో కొలిచి ఎసట పోయును. అయినను ఎవరైన పట్టుపట్టి, "ఒక కిలో బియ్యములో గింజలెన్ని?" అని అడిగినచో జవాబు చెప్పుట కష్టము కాదు. నూరు గింజలు ఏరి సన్నని త్రాసులో తూచిన చాలును. అవి రెండు గ్రాములు తూగినచో కిలోకు ఏబదివేల గింజలని తేలును. ఆ ఏబదివేలను ఒక్కొక్కటిగా ఎవ్వరును లెక్కింపలేదు. కాని లెక్క కుదిరినది. తూకమే లెక్క పని చేసినది.

ఇప్పుడు ఒక గ్లాసు మంచినీళ్లు చేతిలోనికి తీసికొనుడు. దానిలో నీటి అణువులెన్ని? ఇక్కడ చిక్కు వచ్చినది. నూరు అణువులను ఏరుటకు వ్రేళ్లు చాలవు. చూచుటకు కన్నులు చాలవు. తూచుటకు ఏ అంగడిలోను త్రాసు లేదు. అయినను శాస్త్రజ్ఞుడు ఆ సంఖ్యను తడుముకొనక చెప్పుచున్నాడు. ఎట్లు చెప్పగలుగుచున్నాడు? చెప్పినచో మనమెందుకు నమ్మవలెను? ఈ రెండు ప్రశ్నలను గూర్చియే నేటి ప్రసంగము.

మొదట రెండు మాటలను వేరుపరచుకొందము. బంగారము, రాగి, గంధకము, కర్బనము మొదలగునవి మూలకములు. మూలకము యొక్క గుణమును నిలుపుకొన్న మిక్కిలి చిన్న భాగము పరమాణువు. రెండో మూడో అంతకెక్కువో పరమాణువులు ఒక కట్టుగా కూడినచో అది అణువు. ఉదజని, అనగా హైడ్రోజన్, పరమాణువులు రెండును, ఆమ్లజని, అనగా ఆక్సిజన్, పరమాణువు ఒకటియు కలిసి ఒక నీటి అణువగుచున్నవి. ఈ వాక్యమును నేడు పాఠశాల విద్యార్థి అవలీలగా అప్పగించును. కాని దీనిని రూఢి చేసికొనుటకు పండితులకు అర్ధశతాబ్దము పట్టినది.

1803 లో ఇంగ్లండు దేశీయుడగు జాన్ డాల్టన్ మొట్టమొదటి పరమాణుభారముల పట్టికను సిద్ధము చేసెను. ఆయనయు పరమాణువును తూచలేదు. ఏది దేనికంటె ఎన్ని రెట్లు బరువో మాత్రమే చెప్పబూనెను. నీటిని విడదీసినచో, బరువునుబట్టి, ఒక వంతు ఉదజనికి ఎనిమిది వంతుల ఆమ్లజని వచ్చును. నీటి అణువులో రెండును ఒక్కొక్క పరమాణువే యున్నచో ఆమ్లజని పరమాణువు ఉదజని పరమాణువునకు ఎనిమిది రెట్లు బరువు కావలెను. ఉదజని పరమాణువులు రెండున్నచో పదునారు రెట్లు కావలెను. తూకము ఒక్కటియే, అర్థములు రెండు. డాల్టన్ సులభమైన మొదటి అర్థమునే పట్టుకొనెను. అది పొరపాటు.

1808 లో ఫ్రాన్సు దేశీయుడు గేలుసాక్ వాయువుల తూకమును విడిచి పరిమాణమును కొలిచి చూచెను. రెండు పాళ్ల ఉదజని ఒక పాలు ఆమ్లజనితో కలిసి రెండు పాళ్ల నీటియావిరి అగుచున్నది. ఇందలి మర్మమును 1811 లో ఇటలీ దేశీయుడు అమెడియో అవొగాడ్రో గ్రహించెను. ఒకే వేడిమియు ఒకే ఒత్తిడియు గల వాయువులు ఏవైనను, సమాన పరిమాణములలో అణువుల సంఖ్య సమానమే యని ఆయన ఊహించెను. ఆ ఊహను అంగీకరించినచో నీటిలో ఉదజని రెండు, ఆమ్లజని ఒకటి అని వెంటనే తేలును. కాని ఆ మాటను చెవినిడినవారు అరుదు. ఒక్కొక్కరు ఒక్కొక్క భారమును వాడుచుండుటచే ఒకే పదార్థమునకు అనేక సంకేతములు పుట్టి, రసాయనశాస్త్రము గందరగోళమైనది. అవొగాడ్రో 1856 లో గతించెను. 1860 సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్స్‌రూహె నగరమున శాస్త్రజ్ఞులు సమావేశమైనప్పుడు, ఆయన దేశీయుడే యగు కనిజారో ఆ పాత సూత్రమును మరల నిలబెట్టెను. ఆ సభకు వచ్చిన రష్యా యువకుడు మెండెలీఫ్ తొమ్మిదేండ్లకు, 1869 లో, మూలకముల ఆవర్తన పట్టికను ప్రకటించెను. సరియైన భారములు లేనిదే ఆ పట్టిక లేదు.

ఇంతవరకు వచ్చినవి నిష్పత్తులు మాత్రమే. ఒక్కొక్క నిమ్మకాయ ఒక్కొక్క ఉసిరికాయకు నాలుగు రెట్లు బరువని తెలిసినచో, నాలుగు కిలోల నిమ్మకాయలలోను ఒక కిలో ఉసిరికాయలలోను కాయల సంఖ్య సమానమని చెప్పగలము. ఆ సంఖ్య ఎంతయో మాత్రము చెప్పలేము. అట్లే ఒక గ్రాము ఉదజనిలోను, పన్నెండు గ్రాముల కర్బనములోను, పదునారు గ్రాముల ఆమ్లజనిలోను పరమాణువుల సంఖ్య ఇంచుమించు సమానము. అణువుల లెక్కకును ఇదే న్యాయము. పదునెనిమిది గ్రాముల నీటిలో అన్నియే నీటి అణువులు. ఇట్టి రాశికి మోల్ అని పేరు. పండ్లను డజనుగా లెక్కించునట్లు రసాయనశాస్త్రజ్ఞుడు పదార్థమును మోల్‌గా లెక్కించును. డజను అనగా పన్నెండు. మోల్ అనగా ఎంత?

1865 లో వియన్నా నగరపు లోష్మిట్ గాలి అణువు అడ్డుకొలత మిల్లీమీటరులో సుమారు పదిలక్షల వంతు ఉండునని గణించెను. అది నిజమునకు కొంచెము పెద్దది. అయినను అణువుల సంఖ్యకు దారి తెరచిన మొదటి గణన అదియే. కాని అసలు పరమాణువులున్నవా యనియే కొందరు పెద్దలు శంకించిరి. ఎర్న్‌స్ట్ మాక్, విల్‌హెల్మ్ ఓస్ట్వాల్డ్ సామాన్యులు కారు. కనబడని వస్తువును కల్పించుకొని శాస్త్రము కట్టరాదని వారి వాదము. ఆ వాదమును తేలికగా త్రోసివేయరాదు. రుజువు అడుగుట శాస్త్రధర్మమే. ఎదుటి పక్షమున లుడ్విగ్ బోల్ట్స్‌మన్ పరమాణువుల కొరకు జీవితమంతయు వాదించెను. ఆయన 1906 లో మరణించెను. రుజువు మరి రెండేండ్లకే రానున్నది.

ఆ రుజువునకు మూలము ఒక పాత వింత. 1827 లో రాబర్ట్ బ్రౌన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు పుప్పొడిలోని సూక్ష్మకణములు నీటిలో నిలుకడ లేక అల్లలాడుచుండుట సూక్ష్మదర్శినిలో చూచెను. 1905 లో ఐన్‌స్టైన్ దీనికి కారణము చెప్పెను. కనబడని నీటి అణువులు నలుదిక్కుల నుండి కొట్టుటచే కనబడు కణము కదలుచున్నదనియు, ఆ కదలికను కొలిచి అణువుల సంఖ్యను రాబట్టవచ్చుననియు గణితముచే చూపెను.

పారిస్ నగరమున జాన్ పెరిన్ ఈ పనికి పూనుకొనెను. గాంబోజ్ అను పసుపుపచ్చని చెట్టుబంకను నీటిలో నూరి, ఎంతో ఓపికతో ఒకే పరిమాణము గల గింజలను వేరుచేసెను. వాటిని నీటిచుక్కలో వదలి, 1908 లో, ఏ ఎత్తులో ఎన్ని యున్నవో సూక్ష్మదర్శినితో లెక్కపెట్టెను. అడుగున దట్టముగను, పైన పలుచగను ఉన్నవి. మిల్లీమీటరులో నూటికి మూడు వంతుల ఎత్తు పోయిన కొలదియు సంఖ్య సగమగుచుండెను. మన తలపైనున్న గాలియు ఇట్లే పైకి పోయిన కొలదియు పలుచనగును. అది సగమగుటకు సుమారు ఐదున్నర కిలోమీటర్లు ఎక్కవలెను. బరువైనది కొద్ది ఎత్తులోనే పలుచబడును. తేలికైనది ఎంతో ఎత్తున గాని పలుచబడదు. ఈ రెండు ఎత్తులకు గల తారతమ్యము సుమారు పదునెనిమిది కోట్ల రెట్లు. కాబట్టి, నీటిలో తగ్గు బరువును తీసివేయగా, ఆ బంకగింజ గాలి అణువునకు పదునెనిమిది కోట్ల రెట్లు బరువు. గింజ బరువును పెరిన్ కనుగొనగలడు. దానితో అణువు బరువు చేతికి వచ్చినది. బియ్యపుగింజతో మనము చేసిన పనియే ఆయన బంకగింజతో చేసెను. లెక్కించగా మోల్‌కు సంఖ్య ఏడువందల కోటికోటికోట్లకు దగ్గరగా వచ్చినది. దానికి అవొగాడ్రో పేరు పెట్టినవాడు పెరిన్‌యే.

శ్రోతలారా, ఒక్క సాక్షి మాటతో న్యాయస్థానము తీర్పు చెప్పదు. రెండవ సాక్షిని చూడుడు. ఒక గ్రాము ఉదజనిని నీటినుండి విద్యుత్తుతో విడదీయుటకు సుమారు 96,500 కూలుంబుల విద్యుత్తు కావలెను. ఒక్కొక్క ఉదజని పరమాణువునకు ఒక్కొక్క ఎలక్ట్రాను వంతు. అమెరికాలో మిలికన్ సన్నని నూనెబిందువులను విద్యుత్ క్షేత్రములో తేలగట్టి, 1913 నాటికి, ఒక్క ఎలక్ట్రాను మోయు విద్యుత్తును కొలిచెను. మొదటిదానిని రెండవదానితో భాగించిన మోల్ సంఖ్య వచ్చును. అది 606 కోటికోటికోట్లుగా తేలినది. మూడవ సాక్షి రేడియము. దానినుండి వెడలు ఆల్ఫా కణములను రూథర్‌ఫర్డ్, గైగర్ 1908 లో ఒక్కొక్కటిగా లెక్కించిరి. ఆ కణములే హీలియము వాయువుగా మారును. పోగైన వాయువును కొలిచి, కణముల సంఖ్యతో పోల్చిన అదే ప్రాంతపు సంఖ్య వచ్చినది. నీటిలో ఆడు బంకగింజకును, నూనెబిందువునకును, రేడియమునకును ఏమి బంధుత్వము? పరమాణువులే లేనిచో, చుట్టరికము లేని ఇన్ని దారులు ఒకే ఊరికి ఎందుకు చేరవలెను?

ఈ ప్రశ్నకు ఓస్ట్వాల్డ్ తలయొగ్గెను. 1909 లో తన గ్రంథపు క్రొత్త కూర్పునకు వ్రాసిన పీఠికలో, పరమాణువులకు ప్రయోగసిద్ధమైన రుజువు దొరికినదని బహిరంగముగా ఒప్పుకొనెను. జీవితమంతయు చెప్పిన మాటను రుజువు ఎదుట వెనుకకు తీసికొనుట చిన్న పని కాదు. పెరిన్‌కు 1926 లో నోబెల్ బహుమానము లభించెను.

ఇక మన గ్లాసు నీటి సంగతి. 180 మిల్లీలీటర్ల నీరు పది మోల్‌లు. అందులోని అణువులు 6,020 కోటికోటికోట్లు. పదునెనిమిది గ్రాముల నీటిలోని అణువులనే నేటి ప్రపంచములోని సుమారు ఎనిమిదివందల కోట్ల జనులు పంచుకొని, క్షణమునకొకటి చొప్పున, రేయింబవళ్లు లెక్కించినను సుమారు ఇరువదినాలుగు లక్షల ఏండ్లు పట్టును. మీ గ్లాసు నీటి అణువులకు గుర్తులు పెట్టి సముద్రములో పోసి, భూమిమీది సముద్రములన్నియు చక్కగా కలిసిన తరువాత ఎక్కడనైన మరియొక గ్లాసు ముంచినచో, గుర్తు గలవి సుమారు ఎనిమిదివందలు అందులో దొరకును.

ఈ సంఖ్యకు నేడు మరియొక గౌరవము వచ్చినది. 1889 నుండి కిలోగ్రాముకు ప్రమాణము ఫ్రాన్సులో భద్రపరచిన ప్లాటినము, ఇరిడియముల లోహపుముద్ద. దాని ప్రతులలో 57 వ సంఖ్య గలది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో నున్నది. నూరేండ్లలో మూలమునకును దాని ప్రతులకును సుమారు 50 మైక్రోగ్రాముల వరకు తేడా వచ్చినది. ఏది తగ్గినదో, ఏది పెరిగినదో చెప్పుటకు వేరే తూనికరాయి లేదు. అప్పుడు శాస్త్రజ్ఞులు రెండు దారులు పట్టిరి. కొందరు సిలికాన్ అను మూలకమును శుద్ధిచేసి కిలోగ్రాము బరువు గల నున్నని గుండును చెక్కి, ఎక్స్ కిరణములతో పరమాణువుల ఎడమును కొలిచి, అందలి పరమాణువులను లెక్కించిరి. మరికొందరు బరువును విద్యుచ్ఛక్తితో తూచు క్రొత్త త్రాసును వాడిరి. రెండు దారుల ఫలితములును కలిసినవి. 2019 మే 20 నుండి కిలోగ్రాము లోహపుముద్దను విడిచి, ప్లాంక్ స్థిరాంకమను ప్రకృతిసంఖ్యపై నిలిచినది. అదే దినమున మోల్ సంఖ్య 6.02214076 ను పదితో ఇరువదిమూడు మార్లు గుణించిన సంఖ్యగా స్థిరపడినది.

కనబడనిదంతయు లేదనుట తొందరపాటు. ఎవరో చెప్పినంతనే ఉన్నదనుటయు తొందరపాటే. ఒకరితోనొకరికి సంబంధము లేని కొలతలు ఒకే సంఖ్యను చెప్పువరకు వేచియుండుట, చెప్పిన నాడు ఒప్పుకొనుట, ఈ రెండును శాస్త్రము మనకు నేర్పు గుణములు. నేటి రాత్రి మంచినీళ్లు త్రాగబోవునప్పుడు గ్లాసు వంక ఒక్క క్షణము చూడుడు. నూరు సంవత్సరములకు పైగా సాగిన వాదమునకు తీర్పు అందులోనే యున్నది.