అమెరికా స్మారక నాణెముల శిల్పము

మా నాయనమ్మ 1962లో కాలము చేసినది. ఆమె పెట్టెలో గుడ్డసంచి యొకటి దొరికెను. దానిలో ముప్పది వెండి రూపాయలుండెను. ఆ యేడే మా యింట పెండ్లి వచ్చుటచే, వానితో వెండిచెంబు చేయింపవలెనని నిశ్చయమైనది. సంచిని కంసాలి యొద్దకు గొనిపోయినవాడను నేనే. అతడు రూపాయలను పీటపై పరచి, రెంటిని వేరుచేసి, "బాబూ, ఇవి 1840 నాటివి. రాణీగారి తలమీద కిరీటం లేదు, చూడండి. తక్కినవాటిలో ఉన్నది. ఈ రెండూ దాచుకోరాదా?" అనెను. "ఏదైనా వెండే గదా, కానీ" అంటిని. మూసలో వేసిన కొంతసేపటికి కిరీటమున్న రాణియు లేదు, లేని రాణియు లేదు.

గ్రామముల పెద్దలైన మీతో దూరదేశపు నాణెములను గూర్చి మాటలాడుచు ఈ సంగతి మొదట నేల చెప్పితినో ముందునకు మీకే తెలియగలదు. మనము నాణెమును మ్రోగించి చూచితిమి, తూచి చూచితిమి. కన్నులార చూచినది తక్కువ. ఆడువారు మాత్రము కాసులపేరుగా గ్రుచ్చి మెడలో వేసికొనిరి గనుక, నాణెమొక యందమైన వస్తువని మనకంటె ముందుగా గ్రహించినవారు వారే.

నాకు నాణెమును చూచుట నేర్పినవి అమెరికా దేశపు అర్ధ డాలరులు. ఆ దేశమున నుద్యోగము చేయుచున్న నా మేనల్లుడు సెలవులకు వచ్చినప్పుడు రెండు నాణెములను, మరికొన్నింటి పటములను తెచ్చి, భూతద్దముతోకూడ నా చేత బెట్టెను. వాని పరిమాణము మీకు సులభముగా తెలియజెప్పవచ్చును. మన పాత వెండి రూపాయి యెత్తు ఒక తులము, అనగా 11.66 గ్రాములు. అర్ధ డాలరు 12.5 గ్రాములు. వెడల్పు రెంటికిని ఇంచుమించుగా నొక్కటే. కావున పాత రూపాయిని అరచేతిలో నున్నట్లు తలచుకొని నా మాటలు వినుడు.

ఈ నాణెములు బజారులో చేతులు మారుటకై చేసినవి కావు. ఒక పట్టణము పుట్టి నూరేండ్లయినప్పుడో, ఒక యుద్ధమును స్మరింపవలసి వచ్చినప్పుడో అచ్చటి పెద్దలు సంఘముగా నేర్పడి, తమ శాసనసభయైన కాంగ్రెసుచేత చట్టము చేయించుకొనెడివారు. ప్రభుత్వ టంకశాల నాణెములను ముద్రించి ముఖవిలువకే సంఘమున కిచ్చెడిది. సంఘమువారు వానిని హెచ్చు వెల కమ్మి, వచ్చిన లాభముతో స్మారక చిహ్నములు నిలుపుటయో, ఉత్సవము జరుపుటయో చేసెడివారు. 1892 మొదలు 1954 వరకు ఇట్లు వెలువడినవానిని నాణెముల సేకరించువారు ప్రాచీన స్మారక నాణెములని వేరుగా లెక్కింతురు. వానిలో అర్ధ డాలరులే మిక్కిలి హెచ్చు.

మొదటిది చికాగో నగరపు మహాప్రదర్శనమునకై 1892లో వచ్చినది. ఒకవైపు కొలంబసు ముఖము, రెండవవైపు అతని యోడ, ఓడ క్రింద భూగోళపు రెండర్ధములు. చేసినవారు బార్బరు, మోర్గాను అను టంకశాల శిల్పులు. పనిలో తప్పు లేదు గాని చూచువాని మనస్సు దానిపై నిలువదు. 1893లో నలువది లక్షలకు పైగా ముద్రింపగా కొనువారు చాలరైరి. కొన్ని కరగిపోయెను, కొన్ని సామాన్యపు నాణెములలో గలిసి అంగళ్ల వెంట తిరిగెను.

తరువాతి కాలమున బయటి శిల్పులకు పని యొప్పగించుట హెచ్చినది. 1921 నుండి నాణెముల చిత్రములను లలితకళలకై యేర్పడిన ప్రభుత్వసంఘ మొకటి ముందుగా పరిశీలించుచు వచ్చెను. శిల్పి మొదట భోజనపు పళ్లెమంత వెడల్పున ప్లాస్టరుతో బొమ్మను చేయును. ఒక యంత్రము ఆ బొమ్మ మిట్టపల్లములను ఒక కొనతో తడవుచు, రెండవ కొనతో ఉక్కుపై వానినే చిన్నవిగా చెక్కును. అచ్చటినుండి అచ్చులు తయారగును. అచ్చుల నడుమ వెండిబిళ్ల నుంచి ఒక్క పెట్టున ఒత్తవలెను. బొమ్మ అంచును మించి లేచినచో నాణెములు దొంతరగా నిలువవు. లోతు హెచ్చైనచో ఒక్క దెబ్బకు వెండి అచ్చులో నిండదు. గుడి స్తంభమును చెక్కు మన శిల్పికి జానెడు లోతు దొరకును. వీరికి దొరకునది కొన్ని కాగితముల మందము. అంతలోనే మనిషి నిలువవలెను, ఎద్దు నడువవలెను.

ఎద్దు నడచిన నాణెమును గూర్చియే చెప్పెదను. దాని పేరు ఆరెగాన్ దారి స్మారక నాణెము. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికాలో తూర్పుననున్న జనులు వేలకొలది కుటుంబములుగా గూడుబండ్లు కట్టుకొని, నెలల తరబడి నడచి, పడమటి దేశమునకు వలసపోయిరి. ఎజ్రా మీకర్ అనునతడు 1852లో భార్యతోను పసిబిడ్డతోను ఆ దారిని ఎడ్లబండిలో పోయినవాడు. ముసలితనమున, 1906లో, ఆ దారి గుర్తులు చెరిగిపోవుచున్నవని చింతించి, మరల ఎడ్లను గట్టి పడమటినుండి తూర్పునకు నడిపించుచు, త్రోవపొడుగున గురుతురాళ్లు పాతించెను. ఆ పనికి సొమ్ము సమకూర్చుటకే 1926లో ఈ నాణెము పుట్టినది. అప్పటి కాతని వయస్సు తొంబదియైదు. ఆ వయస్సున రాజధానికి పోయి నాణెము కావలెనని శాసనసభ్యుల నడిగినవాడాతడు.

చేసినవారు జేమ్సు ఎర్ల్ ఫ్రేజరు, ఆయన భార్య లారా గార్డిన్ ఫ్రేజరు. ఆమె 1921లో అలబామా రాష్ట్రపు స్మారక నాణెమును చేసి, అమెరికా నాణెమునకు రూపకల్పన చేసిన మొదటి స్త్రీ యైనది. ఆరెగాన్ నాణెము నొకవైపు చూచిన, జంటయెడ్లు గూడుబండిని లాగుచు అస్తమించు సూర్యునివైపు పోవుచున్నవి. సూర్యుని కిరణములు నాణెమంతట పరచుకొన్నవి. నేను బండి తోలినవాడను గనుక ఎడ్లను పరీక్షగా చూచితిని. తల వంచి బరువును మెడకు తీసికొనుట అచ్చముగా మిట్టనెక్కు ఎడ్ల తీరు. బండిగూడు వంపును, నాణెపు గుండ్రదనమును ఒకదానితో నొకటి యొదిగిపోయినవి. మాట లెక్కువ లేవు.

రెండవవైపున ఒక అమెరికా ఆదివాసి నిలిచియున్నాడు. అతని వెనుక ఆ దేశపు పటము. ఒక చేత విల్లు. రెండవ చేయి బారచాచి యున్నాడు. ఆ చేయి తలనుండి పాదములవరకు నిలువుగా సాగిన రూపము నడ్డముగా కోసికొని నాణెపు అంచువరకు పోవును. ఇంత చిన్న బిళ్లపై ఇంత విశాలమైన చేతిని నేనింకెచ్చటను చూడలేదు. దీనిని గూర్చి మా మేనల్లునికిని నాకును వాదము కలిగెను. "మామయ్యా, అతడు బండ్లకు దారి చూపిస్తున్నాడు" అని వాడు. "లేదురా, ఆగుమంటున్నాడు" అని నేను. బండ్లు పోయినచోటుల నెల్ల ఆదివాసుల భూములు పోయిన మాట చరిత్రయే గదా! ఫ్రేజరు బాల్యము డకోటా ప్రాంతమున గడచినది. ఆ జనులను ఎరిగినవాడు. 1913లో అయిదు సెంట్ల నాణెముపై ఆదివాసి ముఖమును, అడవిదున్నను నిలిపినవాడాయనయే. అలసి తల వాల్చిన గుర్రముపై అలసి తల వాల్చిన ఆదివాసిని, దారి ముగిసినది అను పేరుతో పెద్ద విగ్రహముగా చేసినవాడును ఆయనయే. అట్టివాడు పాలుపంచుకొన్న నాణెముపై చాపిన చేయి స్వాగతమని నేనొప్పుకొనలేను. బండి యొకవైపు, చేయి యొకవైపు. ఒకటి చూచునప్పుడు రెండవది కనబడదు. ఎడ్లబండి పక్షమునకై చందా పోగుచేయు నాణెముపై ఆ రెండవవాని కింత చోటిచ్చుట నాకు గొప్పగా తోచినది.

నా చేతనున్న రెండవ నాణెము న్యూరోషెల్ అను పట్టణమునది, 1938 నాటి తేదీ గలది. ఈ కథ మీకు మరింత నచ్చును. ఫ్రాన్సు దేశమున మతము కారణముగా బాధలుపడి పారిపోయి వచ్చిన హ్యూగెనాటులను క్రైస్తవులకు జాన్ పెల్ అను భూస్వామి 1689లో ఆరువేల ఎకరముల భూమి నమ్మెను. దస్తావేజులో ఒక షరతు: అడిగిన పక్షమున, ప్రతి సంవత్సరము జూను 24వ తేదీని, బాగుగా మేపిన దూడ నొకదానిని అతనికిని అతని వారసులకును శాశ్వతముగా నీయవలెను. మన గ్రామములలో పూర్వము శిస్తుతోపాటు కోడిపుంజును నేతికుండను పుచ్చుకొన్న దొరలు మీకు జ్ఞాపకమునకు రావచ్చును.

గెర్ట్రూడు లాత్రప్ అను శిల్పిని, జంతువుల బొమ్మలు చేయుటలో పేరుపడినది, ఈ దస్తావేజునే నాణెముగా చేసినది. పెద్ద టోపీ, పాతకాలపు దుస్తులు ధరించిన పెల్ దొర పలుపు పట్టుకొని యున్నాడు, ప్రక్కన దూడ. అంతే. యుద్ధము లేదు, రెక్కలు గల దేవత లేదు, జెండా లేదు. దూడ కడుపు నిండుగా నున్నది. షరతు ప్రకారము మేపిన దూడయే. భూతద్దముతో చూచినప్పుడు మా యావిడకూడ నవ్వి, "దూడ దొరకన్న బాగుంది" అన్నది. ఆమె తీర్పును కాదనువాడను నేను గాను. రెండవవైపున ఫ్రెంచివారి చిహ్నమైన కలువజాతి పుష్పము, ఒక్కటే, నాణెము నడుమ విప్పారి యున్నది.

జంతువుల ప్రస్తావన వచ్చినది గాన మరియొకటి. 1935లో పాత స్పానిషు దారి పేర ఒక నాణెము వచ్చెను. అది కబేసా ద వాకా అను స్పానిషు యాత్రికుని స్మరించునది. 1528లో టెక్సాసు తీరమున ఓడ పగిలి, ఏండ్ల తరబడి తిరుగాడి, 1536లో మెక్సికో చేరినవాడాతడు. అతని నిజమైన ముఖము నెరిగినవారు లేరు. రూపకల్పన చేసినవాడేమి చేసెననగా, ఆతని పేరునకు స్పానిషు భాషలో ఆవుతల యని యర్థము గనుక, ముఖమునకు బదులుగా ఆవుతలనే పెట్టినాడు! మనలోను ఆవులవారు, మేకలవారు ఇంటిపేర్లుగా నున్నారు. వారి వంశకర్తకు విగ్రహమెత్తుటకు మనమీ యుపాయము తలచితిమా? కొందరు దీనిని ఎగతాళి చేయవచ్చును. లేని ముఖమును కల్పించుటకంటె ఇది నిజాయితీ గల పని యని నా మతము. రెండవవైపున దేశపటముపై పూచిన యక్కా చెట్టు కలదు. ఆ భాగము కొంత ఇరుకుగానే యున్నది.

చెడ్డవియు లేకపోలేదు. నాణెము నిండ అక్షరములు గ్రుక్కినవి, ముగ్గురు నలుగురు పెద్దమనుష్యుల తలలను వరుసగా పేర్చినవి చాల కలవు. అంతకంటె పెద్ద జబ్బు లాభాపేక్ష. 1936లో ఒక్క యేట పెక్కు క్రొత్త స్మారక నాణెములు బయలుదేరెను. సిన్‌సినాటి నగరము సంగీతకేంద్రమై యేబదేండ్లయిన వేడుకయని చెప్పి యొకటి తీసిరి. 1886లో అచ్చట నేమి జరిగినదో చెప్పగలవారు లేరు. మూడు టంకశాలలలో కొద్దికొద్దిగా కొట్టించి, సంవత్సరమును గుర్తును మార్చి, సేకరించువారిచేత అన్నింటిని కొనిపించుట ఒక వ్యాపారమైనది. నేను పొగడిన ఆరెగాన్ నాణెమునకును ఈ తెగులు తప్పలేదు. ఎనిమిది వేర్వేరు సంవత్సరములలో, పదునాలుగు రకములుగా దానిని ముద్రించిరి. అరువది లక్షల నాణెములకు అనుమతి యుండగా, జనులలోనికి పోయినవి రెండు లక్షల చిల్లర మాత్రమే. కొనువారు విసిగిరి. 1939లో కాంగ్రెసు చట్టము చేసి పాత యనుమతుల నన్నింటిని నిలిపివేసెను. యుద్ధానంతరము 1946లో బుకర్ వాషింగ్టను స్మారకముగా నొకటి వచ్చెను. అది చేసిన ఐజాక్ హాతవే అమెరికా నాణెమునకు రూపకల్పన చేసిన మొదటి నీగ్రోజాతి శిల్పి. ముఖము సజీవముగా నున్నది. రెండవవైపు మాటలు హెచ్చైనవి. 1954తో ఆ వరుస ముగిసినది. మరల 1982లో గాని అమెరికా ప్రభుత్వము స్మారక నాణెమును తీయలేదు.

అమ్ముడుపోని నాణెములేమైనవి? టంకశాలకు తిరిగిపోయి కరగినవి. 1937లో ఆంటీటమ్ యుద్ధ స్మారకముగా 50,000 ముద్రింపగా, 32,000 మూసలోనికి పోయెను. 1928 నాటి ఆరెగాన్ నాణెములలో దక్కినవి ఆరువేల చిల్లర. న్యూరోషెల్ దూడలు 25,000 పుట్టగా 9,749 కరగెను. ఈ లెక్క మా మేనల్లుడు చదువుచుండగా నాకు కంసాలి పీట కన్నులకు గట్టెను. ఆ దేశపు టంకశాలవారైనను ఎన్ని కరగినవో వ్రాసి యుంచిరి. మా రెండు రూపాయలకు వ్రాతకూడ లేదు.

ఆ చెంబు నేటికిని మా యింట నున్నది, శుభకార్యములకు తీయుదురు. మా మేనల్లుడు తిరుగు ప్రయాణమున బండి నాణెమును తన కుమారునికని పట్టుకొనిపోయెను. దూడ నాణెము నా కడ నున్నది.