సున్నపు కుండ చెప్పు పాఠము



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమునకు విద్యాదానము చేయుచున్న గ్రంథాలయపు రజతోత్సవమున, పాఠశాలలోని విజ్ఞానశాస్త్రమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. నేను చాలకాలము రసాయనశాస్త్రము బోధించినవాడను. పెద్ద యంత్రముల జోలికి పోక, పెద్దలందరెరిగిన సున్నపు కుండనే నేడు ప్రస్తావించెదను.

సంక్రాంతికి ముందు గోడలకు వెల్ల వేయుటకై కాల్చిన సున్నపు రాళ్లను కుండలో వేసి నీళ్లు పోయుచుండెడివారు. నిప్పు లేదు, కట్టె లేదు. అయినను కొలది సేపటిలో రాళ్లు పగిలి, నీరు కుతకుత ఉడికి, ఆవిరి లేచును. ఆ వేడి ఎక్కడినుండి వచ్చినది?

సమాధానము సున్నపు బట్టీలో ఉన్నది. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాల్చినపుడు, 100 గ్రాముల రాయినుండి 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి, 56 గ్రాముల పొడి సున్నము మిగులును. ఈ మార్పునకై రాయి సుమారు 178 కిలోజౌళ్ల వేడిని తనలోనికి గ్రహించును. ఆ పొడి సున్నము నీటితో కలిసినపుడు అందులో 65 కిలోజౌళ్లు బయటపడును. మిగిలిన 113 ఏమైనవి? గోడకు పూసిన సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చి మరల రాయిగా గట్టిపడునపుడు, మన చేతికి తెలియకుండ, ఆ బాకీయు తీరిపోవును. 65కు 113 చేర్చిన 178. ప్రకృతి లెక్కలలో పైసా తేడా రాదు.

ఈ సున్నమును తూచి చూచిన మహనీయుడు స్కాట్లండు దేశీయుడగు జోసెఫ్ బ్లాక్. కాల్చినపుడు సున్నపురాయి కోల్పోవు బరువు ఒక వాయువుదేయని ఆయన 1756లో ప్రకటించెను. తరువాత గ్లాస్గో విశ్వవిద్యాలయమున, మంచు కరుగుటకును నీరు ఆవిరియగుటకును కావలసిన గుప్తోష్ణమును కనుగొనెను. ఆ విశ్వవిద్యాలయముననే పరికరములు బాగుచేయుచుండిన జేమ్స్ వాట్ ఆయన మిత్రుడు. ఆవిరియంత్రములో వృథాయగు వేడిని మిగుల్చుటకు వాట్ 1769లో వేరుగా ఒక శీతలపాత్ర గల యంత్రమునకు పేటెంటు పొందెను. రసాయన చర్య, ఉష్ణము, యంత్రరచన అని మనము వేరువేరు పాఠములుగా చెప్పునవి ఆనాడు ఇరుగుపొరుగు గదులలో కలిసి పెరిగినవి. మనము వానిని విడదీసి చెప్పుటవలన కలుగు నష్టమును నేను స్వయముగా చూచితిని.

నా ఉద్యోగపు తొలి దినములలో సున్నమునకు, నీటికి సంబంధించిన సమీకరణమును నల్లబల్లపై వ్రాసి పిల్లలచేత వల్లె వేయించితిని. మరునాడొక బాలుడు సీసాలో సున్నము వేసి, నీరు పోసి, వేడి పోకుండ మూత బిగించెను. ఆవిరికి దారి లేక సీసా పగిలెను. సున్నపు నీరు వాని కంట పడెను. వెంటనే నూతియొద్దకు కొనిపోయి చాలసేపు నీటితో కడిగి, వైద్యునికి చూపితిమి. దైవవశమున చూపు దక్కినది. ఆ తప్పు బాలునిది కాదు. మూత వేసిన వేడి నిలుచునని వాడు ఆలోచించెను, అది సరియే. ఆవిరి కూడ నిలుచునని నేను చెప్పలేదు. సమీకరణములో మూత లేదు, కన్ను లేదు. అవి ఆలోచించుటయే యంత్రరచన.

మరుసటి సంవత్సరము పిల్లలకొక సమస్య ఇచ్చితిని: నిప్పు లేకుండ ఒక గ్లాసు పాలు వేడిచేయు పాత్రను కల్పింపుడు. లెక్క ప్రకారము 56 గ్రాముల సున్నమునుండి వచ్చు 65 కిలోజౌళ్లు 200 గ్రాముల నీటిని 77 డిగ్రీలు వేడెక్కింపగలవు. పాలకును ఇంచుమించుగా అంతే. కాని ఆ వేడియంతయు పాలకు చేరదు. కొంత పాత్ర తినును, కొంత ఆవిరితో పోవును, కొంత గాలిలో కలియును. నీరు ఎక్కువైన వేడి పలుచబడును. తక్కువైన ఒక్కచోట భగ్గున రేగును. కనుక నీటి కొలతయు రచనలో భాగమే.

పిల్లలు సున్నమును ముట్టకుండ, మొదట వేడినీళ్లతోనే తమ పాత్రలను పరీక్షించిరి. వేడి లోనికి త్వరగా ప్రాకుటకు పాల గిన్నె పలుచని లోహముదిగా నుండవలెను. బయటికి పోకుండుటకు రెండు పాత్రల నడుమ ఊక కూరవలెను. ఊకలో చిక్కిన గాలి ఉష్ణమును సులభముగా పోనీయదు. పైకెగయు వేడిగాలిని ఆపుటకు మూత కావలెను, ఆవిరి పోవుటకు ఆ మూతకు రంధ్రములుండవలెను. ప్రతిసారియు ఒక్క మార్పే చేసి, ఉష్ణమాపకము చూచి పుస్తకములో వ్రాసికొనిరి. చివర నేను కంటికి అద్దములు పెట్టుకొని, పిల్లలను దూరముగా నిలిపి సున్నముతో చేసి చూపితిని. మొదటి పాత్రలో పాలు గోరువెచ్చనయ్యెను. నాలుగవ దానిలో త్రాగలేనంత వేడెక్కెను. సున్నము అదే, నీరు అదే. మారినది పిల్లల ఆలోచన.

గ్రంథాలయమునకు నా విన్నపమొక్కటి. ఈ పుస్తకముల సరసన ఒక త్రాసు, ఒక ఉష్ణమాపకము, ఒక తెల్లకాగితముల పుస్తకము ఉంచుడు. పిల్లలు తాము కొలిచినదానిని, చెడిపోయిన ప్రయత్నమును సహితము, సిగ్గుపడక అందులో వ్రాయవలెను. తాపీమేస్త్రిని, కుమ్మరిని ఏటికొకసారి పిలిచి వారి అనుభవమును వినిపింపుడు. ఒకని తప్పు వ్రాసియుంచిన వేరొకని కన్ను దక్కును. గ్రంథమునకు ఇంతకంటె ప్రయోజనమేమున్నది?