మందు ముందా, పరీక్ష ముందా?



రిటైరయ్యాక మనందరికీ ఉండే కోరిక మనవలను ఎత్తుకోవడం. పెళ్లయి రెండేళ్లయినా మా కోడలు నెల తప్పలేదని, తెలిసినవారు చెప్పిన శతావరి లేహ్యం, పేరు లేని ఒక చూర్ణం తెచ్చి ఇచ్చాను. పాపం, ఆ పిల్ల మూడేళ్లు నోరెత్తకుండా మింగింది. చివరకు డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న: "అబ్బాయికి పరీక్ష చేయించారా?" చేయిస్తే లోపం మావాడిలోనే ఉందని తేలింది. వాళ్లిద్దరి అనుమతితోనే ఈ సంగతి చెబుతున్నాను.

మూలికలను కించపరచడం నా ఉద్దేశం కాదు. శతావరి అంటే మన పిల్లిపీచర. అశ్వగంధ అంటే పెన్నేరు గడ్డ. ఆయుర్వేదంలో రెండింటికీ గౌరవస్థానం ఉంది. అశ్వగంధతో వీర్యకణాలు పెరిగినట్లు కొన్ని చిన్న పరిశోధనల్లో కనిపించింది. సంతానం కలుగుతుందనడానికి మాత్రం గట్టి రుజువు లేదు. మూసుకుపోయిన గర్భనాళాన్ని ఏ కషాయమూ తెరవలేదు. గర్భిణులు అశ్వగంధ వాడరాదు. థైరాయిడ్ మాత్రలు వేసుకునేవారు డాక్టరును అడగాలి. లేబులు లేని చూర్ణాలలో సీసం, పాదరసం ఉండే ప్రమాదముంది.

ఏడాది గడిచినా గర్భం రాకపోతే దంపతులిద్దరూ పరీక్ష చేయించుకోవాలి. స్త్రీకి 35 ఏళ్లు దాటితే 6 నెలలకే వెళ్లాలి. గర్భానికి ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకుంటే బిడ్డకు వెన్నుపాము లోపాల ముప్పు తగ్గుతుంది.

ఇప్పుడు మావాడికి చికిత్స జరుగుతోంది. కోడలికి ఇంట్లో క్షమాపణ చెప్పుకున్నాను. ఈ సభాముఖంగా మరోసారి చెప్పుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.