తలుపు చాటున నున్న మన బిడ్డలు
(పూడూరున జరిగిన కులసంఘ వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



విద్యాభివృద్ధినిగూర్చి మాటాడుడని కార్యదర్శిగారు మమ్ము గోరిరి. బడికి పోవు బిడ్డలనుగూర్చి ఏటేట చెప్పుకొనుచునే యున్నాము. నేడు మనము తలుపు చాటున నుంచిన బిడ్డలనుగూర్చి నాలుగు మాటలు మనవి చేసెదము.

మొదట మా తప్పు నొప్పుకొందుము. ముప్పదియేండ్ల క్రిందట మా తరగతిలో ఒక బాలుడుండెను. గంట మ్రోగగానే చెవులు మూసికొనును. అడిగిన ప్రశ్ననే మరల మాకప్పగించును. మొగమెత్తి చూడడు. అది పొగరని తలచి బెత్తముతో గొట్టితిమి. కొన్నాళ్ళకు ఆతడు బడి మానెను. "వాడు కావాలని చేస్తలేడు సారూ" యని వాని తల్లి పలికిన మాట నేటికిని మా చెవులలో నున్నది.

భాగవతమున జడభరతుని కథ మీరెఱుగనిది కాదు. రహూగణుని పల్లకి మోయుచు, జీవులు కాలిక్రింద బడకుండ చూచి యడుగిడుటచే ఆతని నడక తక్కినవారితో కలియలేదు. రాజు పరిహసించెనే గాని హేతువు నడుగలేదు. మౌనముగా నుండువారెల్ల జ్ఞానులని మేమనము. హేతువు విచారింపక నిందింపరాదని మాత్రమే మా మనవి.

ఈ స్థితిని ఆటిజమందురు. 1943లో అమెరికాయందు లియో కానరను వైద్యుడు 11 మంది పిల్లలను పరీక్షించి దీనిని వర్ణించెను. ఇది మెదడు ఎదుగుదలలోని భేదము. గ్రహదోషము కాదు, పూర్వజన్మ పాపము కాదు, తల్లి పెంపకపు లోపమును కాదు. దీనిని పోగొట్టు మందు లేదు. కాని రెండేండ్లు దాటినను మాటలు రాకున్న, పేరుతో పిలిచిన తిరిగి చూడకున్న, వెంటనే వైద్యునికి చూపవలెను. ఎంత త్వరగా శిక్షణ మొదలిడిన అంత మేలు.

సికింద్రాబాదు మనోవికాసనగరమున 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ మనకు దూరము కాదు. మన్నెగూడలో బస్సెక్కి పోవచ్చును. 2016 నాటి చట్టము ఆటిజమును వైకల్యములలో చేర్చినది. వైకల్యము నూటికి 40 పాళ్ళకు తక్కువ గాకున్న, 6 మొదలు 18 ఏండ్లవరకు ఉచితవిద్య ఆ బిడ్డ హక్కు. నిరామయ బీమాక్రింద ఏటికి లక్ష రూపాయలవరకు చికిత్సకు సాయము గలదు.

ఇన్ని యుండియు బిడ్డను దాచుటేల? అక్కచెల్లెండ్ర సంబంధములు చెడునను భయముచేతనే గదా! ఆ భయమును పుట్టించినవారము మనమే. పెండ్లిచూపులలో "ఆ యింట అట్టి పిల్లవాడున్నాడట" యని గుసగుసలాడువారు పరాయివారు కారు. కావున దానిని తొలగింపవలసినవారమును మనమే.

సంఘమునకు మా విన్నపములు మూడు. వివాహ పరిచయసభలలో దీనిని వంశదోషముగా నెంచరాదని తీర్మానింపుడు. విద్యానిధినుండి ఈ బిడ్డల శిక్షణకును రాకపోకల ఖర్చులకును కొంత కేటాయింపుడు. వచ్చే మహాసభకు ఆ తల్లులను బిడ్డలతో గూడ పిలిచి ముందువరుసలో కూర్చుండబెట్టుడు. బిడ్డ అరచిన ఎవ్వరును వెనుదిరిగి చూడకుడు.

మేము కొట్టిన చేతిని వెనుకకు తీసికొనజాలము. మీరు చాచదగిన చేయి ఇంకను మీయొద్దనే యున్నదని విన్నవించి విరమించుచున్నాము.