పువ్వు లేని తేనె, గింజ లేని జామ్

తేనె అనగానే మనకు పువ్వులే గుర్తొస్తాయి. కానీ ఫ్రాన్స్ తూర్పు భాగాన, లొరెన్ ప్రాంతంలోని వోజ్ కొండల మీద దొరికే ఒక తేనెకు పువ్వుతో పనే లేదు. అక్కడి ఫర్ చెట్ల రసాన్ని పేనుబంక పురుగులు పీల్చి, మిగిలిన తీపిని బొట్లు బొట్లుగా వదులుతాయి. మన పత్తి రైతు చూస్తే మందు కొట్టాల్సిందే అంటాడు. అక్కడి తేనెటీగలకు మాత్రం అదే పంట! ముదురు గోధుమ రంగు, పచ్చటి ఛాయ, కాస్త చెట్టు బంక వాసన ఆ తేనెవి. పేనుబంక సరిగా పట్టని ఏడాది తేనెటీగల పెంపకందారు సీసాలు ఖాళీయే. 1996లో దీనికి భౌగోళిక గుర్తింపు దక్కింది, మన బంగినపల్లి మామిడికి ఉన్నట్టే.

అదే లొరెన్‌లో బార్-లె-డ్యూక్ అనే ఊరుంది. అక్కడ రెడ్ కరెంట్ అనే చిన్న ఎర్ర పండ్లతో జామ్ చేస్తారు. పండు శనగగింజంతే. ఏటవాలుగా చెక్కిన పెద్దబాతు (గూస్) ఈక మొనతో గాటు పెట్టి, గుజ్జు పోకుండా గింజలు తీస్తారు. తర్వాత పంచదార పాకంలో కాసేపు ఉడికిస్తారు. పండ్లు చితక్కుండా, జెల్లీలో కెంపుల్లా నిలుస్తాయి.

ఒకదానికి పురుగు దయ కావాలి, మరోదానికి చేతి ఓపిక కావాలి. ఆ చిన్న సీసాల ధర అందుకే ఎక్కువ.